వలస పక్షులను తరిమేస్తే కోళ్ళ ఫారానికి బర్డ్ ఫ్లూ రాకుండా ఉంటుందా?

అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సుకు దగ్గరలో మీకు కోళ్ళ ఫారం ఉందని, శీతాకాలంలో ఆవలో దిగే పక్షుల వల్ల బర్డ్ ఫ్లూ వస్తుందన్న భయంతో ఊరివారు బాణసంచా కాల్చి వాటిని వెళ్ళగొట్టాలంటున్నారని రాశారు. దయచేసి ఆ పని జరగనివ్వకండి. బెదిరిన పక్షులు చుట్టుపక్కల చెరువులకు, పొలాలకు చెదిరిపోతాయి. వాటిలో వైరస్ ఉంటే అది కూడా వాటితోపాటే చెదురుతుంది. విశాఖ శివార్లలో, ఆనందపురం వైపు గుడ్ల కోళ్ళు పెంచుతున్న నాకు అనుభవం మీద తెలిసిందేమిటంటే, వైరస్ షెడ్డులోకి రావడానికి అన్నిటికంటే సులువైన దారి మన గేటే.

అడవి పక్షుల పాత్ర లేదని నేను అనడం లేదు. నీటి బాతుల్లో ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లు సహజంగానే ఉంటాయి, అయితే వాటిలో చాలావరకు తీవ్రత లేనివి. ఇప్పుడు మనల్ని పీడిస్తున్న హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ వంశం 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెంపుడు బాతు జాతి పక్షిలో బయటపడింది. పెంపకంలో ముదిరిన ఆ వైరస్ తర్వాత అడవి పక్షులకు సోకి, 2005లో చైనాలోని చింఘాయ్ సరస్సులోనూ, 2021 ఆరంభంలో హిమాచల్‌ప్రదేశ్‌లోని పాంగ్ జలాశయంలోనూ హిమాలయాలు దాటి వచ్చే చారల తల బాతులను వేల సంఖ్యలో చంపింది. పెరూ తీరంలో పెలికాన్లు గుట్టలుగా చనిపోయాయని 2022లో చదివినప్పుడు మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి వచ్చే గూడబాతులే, అంటే మన పెలికాన్లే, నా కళ్ళముందు మెదిలాయి. ఈ వ్యాధికి ఆ పక్షులు కూడా బాధితులేనన్న సంగతి మీ ఊరివారికి చెప్పవలసి ఉంది.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ వ్యాధి ఉన్నట్లు భోపాల్‌లోని పశువ్యాధుల ప్రయోగశాల నిర్ధారించింది. చుట్టూ కిలోమీటరు మేర కోళ్ళను నిర్మూలించి, పది కిలోమీటర్ల వరకు నిఘా పెట్టిన ఆ రోజుల్లో, మా ఫారంలోకి బయటినుంచి ఏమేమి వస్తున్నాయో కూర్చుని రాసుకున్నాము. సంతల నుంచి తిరిగి వచ్చే గుడ్ల అట్టలు, పది ఫారాలు తిరిగి వచ్చిన మేత లారీ చక్రాలు, కోడిపెంట ఎత్తడానికి వచ్చేవారి కాళ్ళు, టీకాలు వేసేవారి చేతులు, ఇంట్లో నాటుకోళ్ళో పందెం పుంజులో పెంచుకునే మా పనివారి బట్టలు ఆ జాబితాలో చేరాయి. వాడిన అట్టలు వెనక్కి తీసుకోవడం మానేశాము. లారీని గేటు బయటే ఆపి, మేత బస్తాలను మా బండిమీద లోపలికి చేరవేశాము. షెడ్డుకొక జత చెప్పులు, బట్టలు పెట్టి, అవి ఆ షెడ్డు దాటకూడదన్న నియమాన్ని ఇప్పటికీ పాటిస్తున్నాము. ఖర్చు పెద్దగా కాలేదు కాని, అందరిచేతా ప్రతిరోజూ పాటింపజేయడానికి చాలా ఓపిక కావలసి వచ్చింది.

ఆవ పక్కనే ఉన్నారు కాబట్టి మీరు మరో రెండు విషయాలు చూసుకోవాలి. ఆవ నీటిని శుద్ధి చేయకుండా కోళ్ళకు తాగించకండి. పగలు ఆవలో ఈది సాయంత్రం ఊళ్ళోకి వచ్చే పెంపుడు బాతులను ఫారం దరిదాపులకు రానివ్వకండి. బాతులు పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే రెట్టల ద్వారా వైరస్‌ను వదలగలవు. కాకులు దూరకుండా వలలు బిగించడం, ఒలికిన మేతను వెంటనే ఊడ్చేయడం ఎలాగూ చేయవలసినవే.

ఉన్నట్టుండి కోళ్ళు వరసగా చనిపోతున్నా, తలలు వాచి తురాయి నీలంగా మారుతున్నా, కొక్కెర తెగులేనని (రాణిఖేత్ వ్యాధి) మీకు మీరే తేల్చుకోకండి. పైకి ఆ తెగులు, బర్డ్ ఫ్లూ రెండూ ఒకేలా కనిపిస్తాయి, పరీక్ష చేస్తేనే తేడా తెలుస్తుంది. నష్టం వస్తుందన్న భయంతో మిగిలిన కోళ్ళను హడావిడిగా అమ్మేయడం, చనిపోయినవాటిని కాలువలో పడేయడం పక్క ఊళ్ళ ఫారాలను కూడా ముంచే పనులు. అనుమానం వచ్చిన గంటలోనే పశువైద్యాధికారికి చెప్పండి.

ఆవలో చనిపోయిన పక్షులు కనిపిస్తే ఎవరూ చేత్తో తాకకుండా చూసి, అటవీ శాఖకు కూడా కబురు పంపండి. అక్కడ దోనెలు నడిపేవారికి ఆ సంగతి అందరికంటే ముందు తెలుస్తుంది కనుక, మీ ఫోను నంబరు వారి దగ్గర ఉంచండి.