ఎన్నారై సందేహాలు: చేతికొచ్చిన పిస్టల్‌కు ఒర ఏది, పట్టు ఏది?

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. టెక్సాస్‌లో ఉంటున్నాను, ఈ మధ్యే గ్రీన్ కార్డు వచ్చింది. ఇదే ఊళ్లో ఉండే రిటైరైన సహోద్యోగి ఒకాయన తన పాత పిస్టల్ నాకు అమ్మారు. దాని మీద ‘విట్నెస్’ అని ఉంది. ఏ దుకాణంలో అడిగినా దీనికి హోల్‌స్టర్ (ఒర) లేదంటున్నారు. పట్టు కూడా నా చేతికి లావుగా ఉంది. మహబూబ్‌నగర్‌లో మా మేనమామకు తెలిసిన తోలు పనివారు ఉన్నారు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒర అక్కడే కుట్టించుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరంలో నాకు ఊరట కలిగించిన మాట ‘గ్రీన్ కార్డు వచ్చింది’ అన్నది. నల్లగొండ, పాలమూరు పిల్లల్లో ఇలాంటి ప్రశ్న అడిగేవారు చాలామంది ఎఫ్1 మీదో హెచ్1బీ మీదో ఉంటారు. వారికి నేను హోల్‌స్టర్ సంగతి చెప్పను. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి తనకు వర్తిస్తాయో లేదో లాయరు చెప్పాలి తప్ప గదిలో ఉండే స్నేహితుడు కాదు. మినహాయింపు లేనివారు షూటింగ్ రేంజిలో అద్దె తుపాకీ పట్టుకున్నా చిక్కే. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. గ్రీన్ కార్డు వచ్చినంత మాత్రాన మీకూ నిశ్చింత లేదు. తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించేసే అవకాశం మీ విషయంలోనూ ఉంది.

ఇంకొకటి, చాలామందికి తట్టనిది. మీ అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు మీ ఇంట్లోనే ఉంటారు కదా? వారికీ ఆ నిషేధం వర్తిస్తుంది. కాబట్టి పిస్టల్‌ను తాళం వేసిన పెట్టెలో ఉంచి, ఆ తాళం మీ ఒక్కరి దగ్గరే పెట్టుకోండి. ‘నాన్నకు కూడా తెలిసి ఉండటం మంచిది’ అని రహస్య అంకె చెప్పి వెళ్లకండి.

ఇక మీ విట్నెస్. అమెరికాలో 1968 నాటి తుపాకీ నియంత్రణ చట్టం వచ్చినప్పటి నుంచి దిగుమతిదారు తన పేరు, ఊరు తుపాకీ మీద చెక్కించాలి. అందువల్ల మీకు పెద్దగా కనబడే పేరు తయారు చేసినవారిది కాకపోవచ్చు. విట్నెస్ అన్నది ఇటలీలోని తన్‌ఫోలియో సంస్థ చేసిన పిస్టల్‌కు అమెరికా దిగుమతిదారు పెట్టుకున్న పేరు. దాని నమూనా 1975లో చెకొస్లొవేకియాలో వచ్చిన సీజెడ్ 75. ఇలాంటివి చాలా ఉన్నాయి. బేబీ ఈగిల్ పేరుతో అమ్మింది ఇజ్రాయెల్ జెరికో. స్ప్రింగ్‌ఫీల్డ్ ఎక్స్‌డీ అసలు క్రొయేషియాలో పుట్టిన హెచ్‌ఎస్ 2000. మన పోలీసుల నడుముకు ఏళ్ల తరబడి కనిపించిన 9 ఎంఎం పిస్టల్ మాత్రం? బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైనా, దాని మూలం బ్రౌనింగ్ హైపవర్. దుకాణంలో ‘విట్నెస్‌కు హోల్‌స్టర్ ఉందా’ అని అడిగితే లేదనే అంటారు. ‘సీజెడ్ 75 నమూనా, ఉక్కు ఫ్రేమ్ (పిస్టల్ కింది దేహం), పెద్ద సైజు’ అని అడిగి చూడండి, కౌంటరు వెనుక మనిషి లేచి నిలబడతాడు.

అలా అని సీజెడ్ హోల్‌స్టర్ ఏదైనా దిగిపోతుందని అనుకోకండి. గాజుల మలారం ముందు కూర్చున్న ఆడవాళ్ల చేతి కొలత చూసి గాజు ఎక్కించినట్టే ఇక్కడ కూడా పేరు పనికిరాదు, కొలతే కావాలి. విట్నెస్‌లోనే పెద్ద ఫ్రేమ్, చిన్న ఫ్రేమ్, ఉక్కుది, ప్లాస్టిక్‌ది, పొట్టిది అని రకాలున్నాయి. ముందు మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీసి, స్లైడ్ (పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) వెనక్కి లాగి, ఛాంబర్‌లో (పేలే ముందు తూటా కూర్చునే చోట) తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. తర్వాత తెల్ల కాగితం మీద పిస్టల్‌ను పక్కవాటుగా పడుకోబెట్టి పెన్సిలుతో చుట్టూ గీయండి. ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) ముందు అంచు నుంచి బారెల్ కొస దాకా ఎంత పొడవు, స్లైడ్ ఎంత వెడల్పు, ట్రిగ్గర్ గార్డు గుండ్రంగా ఉందా చతురస్రంగా ఉందా, ఫ్రేమ్ కింద లైటు తగిలించే గాడి ఉందా లేదా అన్నవి రాసుకోండి. ఆ కాగితం ఫోటో తీసి పంపితే మంచి హోల్‌స్టర్ తయారీదారు ఎవరైనా అరగంటలో చెప్పేస్తారు. వారికి పేరుకన్నా ఆ గీతే ఎక్కువ చెబుతుంది.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్ పిస్టల్‌ను ట్రిగ్గర్ గార్డు దగ్గర పట్టుకుంటుంది. అక్కడ ఆకారం కాస్త తేడాగా ఉన్నా వదులవుతుంది, లేదా బిగుసుకుపోయి బయటికి రాదు. లైటు తగిలిస్తే లెక్క మొత్తం మారిపోతుంది. అప్పుడు హోల్‌స్టర్ లైటును పట్టుకుంటుంది కాబట్టి పిస్టల్ పేరుతో పాటు లైటు పేరు కూడా చెప్పాలి. స్లైడ్ మీద రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) ఉంటే పైభాగం కోసి ఉన్న హోల్‌స్టర్ కావాలి. అదే పొడవు విషయంలో కొంత వెసులుబాటు ఉంది. అడుగు తెరిచి ఉన్న హోల్‌స్టరైతే పొడవు పిస్టల్‌కు చేసిన దాంట్లో అదే కుటుంబంలోని పొట్టిది కూర్చుంటుంది. గ్లాక్ కంపెనీ పొడవు పిస్టల్ గ్లాక్ 17 హోల్‌స్టర్‌లో దానికన్నా పొట్టిదైన గ్లాక్ 19 పట్టడం అందరూ చూసిందే. కానీ పొట్టి హోల్‌స్టర్‌లో పొడవుది పెడితే బారెల్ కొస, సైట్లు (గురి చూసే గుర్తులు) కింద బయటికి వస్తాయి.

‘అన్ని పిస్టళ్లకూ సరిపోతుంది’ అని రాసి ఉన్న మెత్తని గుడ్డ హోల్‌స్టర్ పదిహేను డాలర్లకు దొరుకుతుంది. దయచేసి కొనకండి. మెత్తని అంచు ముడుచుకుని ట్రిగ్గర్ గార్డులోకి దూరితే, మీరు పిస్టల్ లోపలికి నొక్కుతున్నప్పుడు ఆ ముడతే ట్రిగ్గర్‌ను నొక్కుతుంది. ఈ ఒక్క విషయంలో మన పొదుపు బుద్ధి పక్కన పెట్టాలి. ఏ హోల్‌స్టర్ వచ్చినా ఖాళీ పిస్టల్‌తోనే ముందు పరీక్షించండి. ట్రిగ్గర్ పూర్తిగా కప్పబడి ఉండాలి. బయట నుంచి వేలితో గట్టిగా ఒత్తినా ట్రిగ్గర్‌కు తాకకూడదు. తలకిందులు చేసి ఊపినా పడిపోకూడదు. పిస్టల్ తీశాక హోల్‌స్టర్ నోరు మూసుకుపోకూడదు. ఉక్కు సీజెడ్ రకం ఖాళీగానే కిలో బరువు తూగుతుంది కాబట్టి ఆఫీసు ప్యాంటు బెల్టు దానికి ఆగదు. గట్టి బెల్టు కొని, హోల్‌స్టర్ క్లిప్పు ఆ వెడల్పుకు సరిపోతుందో చూసుకోండి.

మీ రాష్ట్రంలో బయటికి కనబడేలా పెట్టుకుంటే పిస్టల్ హోల్‌స్టర్‌లోనే ఉండాలన్నది చట్టం, కారులో కూడా. గుడి తలుపు మీద తుపాకీతో లోపలికి రావద్దని చెప్పే 30.06, 30.07 అంకెల బోర్డు కనబడితే వెనక్కి తిరగండి. బతుకమ్మ చాలా ఊళ్లలో స్కూలు ఆవరణల్లో ఆడతారు, అక్కడికి అసలే వద్దు.

పట్టు సంగతి వేరు. హోల్‌స్టర్‌ను నిర్ణయించేది స్లైడ్, ట్రిగ్గర్ గార్డు. పట్టును నిర్ణయించేది ఫ్రేమ్, దాని మరల రంధ్రాలు. అందుకే ఒకే హోల్‌స్టర్‌లో దిగే రెండు పిస్టళ్ల పట్టు పలకలు (పట్టుకు రెండు పక్కలా మరలతో బిగించేవి) ఒకదానికొకటి సరిపోకపోవచ్చు. సీజెడ్ 75 పలకలు మీ తన్‌ఫోలియోకు ఎక్కవు. తన్‌ఫోలియో పేరుతో, అందులోనూ మీ ఫ్రేమ్ సైజు పేరుతో అమ్మేవే అడగండి. ఆకారం చూసి మోసపోయే జంట ఇంకొకటి బెరెట్టా 92, బ్రెజిల్ టారస్ 92. కవలల్లా ఉంటాయి, పలకలు మాత్రం కలవవు. దీనికి పూర్తిగా ఎదురు 1911 అనే పాత అమెరికన్ నమూనా పిస్టళ్లు. అన్ని కంపెనీలూ చాలావరకు ఒకే కొలత పాటిస్తాయి, పొట్టి ఫ్రేమ్‌కు మాత్రం పలక వేరు. సేఫ్టీ మీట రెండు వైపులా ఉన్న దానికి ఆ చోట గాడి కోసిన పలక కావాలి. స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్లలో ‘కె’, ‘ఎల్’ ఫ్రేములకు ఒకే పట్టు సరిపోతుంది, కాకపోతే అడుగు గుండ్రంగా ఉందా పలకగా ఉందా చూసుకోవాలి. గ్లాక్ లాంటి ప్లాస్టిక్ ఫ్రేములకు విప్పే పలకలే ఉండవు. వాటిలో కొత్త తరాలకు వెనుక భాగం మార్చుకునే ముక్కలు పెట్టెలోనే వస్తాయి.

మీ చేతికి లావు అనిపించడానికి పలకలే కారణం కాకపోవచ్చు. ఈ నమూనాలో మొదటి గుండుకు ట్రిగ్గర్ చాలా ముందుకు ఉంటుంది, మన చిన్న వేళ్లకు అది అందదు. పలచని అల్యూమినియం పలకలు వేస్తే కొంత దగ్గరవుతుంది. రబ్బరు తొడుగు ఎక్కిస్తే ఇంకా దూరమవుతుంది, పైగా చొక్కాను పట్టుకుని లాగుతుంది. పలకలు మార్చాక మ్యాగజైన్ మీట తేలికగా నొక్కుకుంటుందో లేదో, కొత్త పలక అంచు హోల్‌స్టర్ నోటికి తగులుతోందో లేదో మళ్లీ చూడండి. ఆ క్రమంలో కొంటే రెండు సార్లు డబ్బు పెట్టాల్సిన పని ఉండదు: ముందు పట్టు, తర్వాత హోల్‌స్టర్.

ఇక మహబూబ్‌నగర్ ఆలోచన. పనితనం మీద నాకు అనుమానం లేదు. హోల్‌స్టర్‌కు కావలసింది చెట్టు బెరడుతో పదును చేసిన గట్టి తోలు. మన పాతవాళ్లు తంగేడు చెక్క, తుమ్మ చెక్క వేసి చేసింది అదే రకం. అలాంటి తోలును తడిపి పిస్టల్ మీద బిగించి ఆరబెడితే ఆ ఆకారం నిలుస్తుంది. ఇప్పుడు బజారులో ఎక్కువగా దొరికే క్రోమ్ తోలు మెత్తగా ఉంటుంది, ఆకారం నిలుపుకోదు. అసలు చిక్కు తోలుతో కాదు. బిగించి ఆరబెట్టడానికి పిస్టల్ గానీ అచ్చంగా దాని కొలతలున్న నమూనా గానీ అక్కడ ఉండాలి. పిస్టల్‌ను ఇండియా తీసుకెళ్లే ఊహే వద్దు. ప్లాస్టిక్ నమూనాను చేతి సంచిలో పెడితే ఇక్కడి విమానాశ్రయంలోనే ఆపుతారు, సూట్‌కేసులో దాస్తే శంషాబాద్‌లో కస్టమ్స్ వారికి సంజాయిషీ ఇచ్చుకోవాలి. కాబట్టి మేనమామ గారితో మంచి బెల్టు కుట్టించుకోండి, హోల్‌స్టర్ ఇక్కడే చేయించుకోండి. తోలుది చేయించుకుంటే పిస్టల్‌ను అందులోనే ఉంచి నెలల తరబడి పెట్టెలో పెట్టకండి, తోలులోని తేమకు ఉక్కు తుప్పు పడుతుంది.

సంక్రాంతి ప్రయాణానికి సంచి సర్దేటప్పుడు ఇంకొక మాట. రేంజికి తీసుకెళ్లే సంచిని విమానానికి వాడకండి. జేబు మూలలో మరచిపోయిన ఒక్క తూటా దొరికినా ఇండియాలో 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. పండుగ మీ ఊళ్లో కాక పోలీసు స్టేషన్‌లో గడుస్తుంది. రేంజి సంచికి వేరే రంగుది కొనుక్కోండి, అది పిస్టల్ పెట్టె పక్కనే ఉండనివ్వండి.