కొడుకు విడిపోదామంటాడు, కోడలు వద్దంటుంది... మధ్యలో మనవరాలు

ప్రశ్న: మాది కర్నూలు. మా ఆయన గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరైనారు. మాకు ఒక్కడే కొడుకు. పదిహేనేళ్లుగా స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఉన్నాడు. కోడలిది అనంతపురం. వాళ్లకు 15 ఏళ్ల కూతురు. బ్రిటన్ నుంచి స్కాట్లాండ్ విడిపోవాలా వద్దా అని 2014లో ఓటింగు పెడితే, మావాడు విడిపోవాలని వేశాడు, కోడలు వద్దని వేసింది. అప్పుడు నవ్వుకుంటూనే ఆ సంగతి మాకు చెప్పారు. ఇప్పుడు మళ్లీ ఆ మాట లేచి, ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు. ఆదివారం వీడియో కాల్ చేస్తే వాడు ఒక గదిలోంచి, ఆమె ఇంకో గదిలోంచి మాట్లాడతారు. కోడలి వాళ్ల నాన్న హైదరాబాదు సెక్రటేరియట్‌లో పనిచేసేవారు. రాష్ట్రం విడిపోయాక 2016లో వెలగపూడికి పోవాల్సి వచ్చింది, వాళ్లమ్మ హైదరాబాదులోనే ఉండిపోయింది. 'విడిపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను' అంటుంది. మా ఆయన కూడా ఫోన్లోనే 'కోడలు చెప్పిందే కరెక్టు' అని వాడి మీద కేకలేస్తారు. ఇల్లు కొనడానికి లోను కాగితాలు రెడీగా ఉన్నాయి, 'దేశం సంగతి తేలనీ' అని వాడు సంతకం పెట్టడం లేదు. ఇల్లు కొంటే ఇక అక్కడే ఉండిపోతారేమోనని నాకూ లోపల ఉంది, ఎవరికీ చెప్పలేదు. పోయిన వారం మనవరాలు 'అవ్వా, వచ్చే ఏడు నాకూ ఓటొస్తుంది, ఎటు వేసినా ఇంట్లో ఒకరికి కోపమే' అని ఏడ్చింది. కోడలు 'అత్తా, నువ్వన్నా చెప్పు' అంటుంది. కొడుకు 'నువ్వు మధ్యలోకి రావద్దమ్మా' అంటాడు. నేను పది వరకే చదివినాను. ఏం చెప్పాలి?
— ఒక తల్లి, కర్నూలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. 2014లో ఇద్దరూ చెరో వైపు ఓటేసి, ఆ సంగతి మీకు నవ్వుకుంటూ చెప్పారని రాశారు. ఓటు వల్లే కాపురం చెడేదయితే అప్పుడే చెడాలి కదా. ఆ ఏడు సెప్టెంబరు 18న స్కాట్లాండులో నూటికి దాదాపు 85 మంది వెళ్లి ఓటేశారు. 55 శాతం కలిసే ఉందామన్నారు, 45 శాతం విడిపోదామన్నారు. అంత వేడిలో కలిసి కూర్చుని అన్నం తిన్నవాళ్లు, ఇప్పుడు చెరో గదిలోంచి మాట్లాడుతున్నారంటే మధ్యలో ఇంకేదో వచ్చి చేరింది. అదేమిటో కూడా మీరే రాశారు. సంతకం పడని ఆ లోను కాగితాలు.

నిజానికి వాళ్లు రేపో ఎల్లుండో వేయాల్సిన ఓటేమీ లేదు. లండన్ పార్లమెంటు ఒప్పుకోకుండా స్కాట్లాండ్ పార్లమెంటు సొంతంగా అలాంటి ఓటింగు పెట్టడానికి కుదరదని 2022 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి 'సంగతి తేలాక సంతకం పెడతా' అంటే, ఎప్పుడు తేలుతుందో ఎవరూ చెప్పలేని దానికి ఇంటిని ముడిపెట్టడమే. మీ కోడలికి కోపం వచ్చింది అందుకేనేమో చూడండి. దేశం విడిపోతుందన్న భయం కన్నా, తన ఇల్లు ఇన్నేళ్ల తర్వాత కూడా అద్దె ఇల్లుగానే మిగిలిపోతోందన్న దిగులు ఆమెను ఎక్కువ కుదిపేస్తుండవచ్చు.

అయినా ఓటు గురించిన వాదన ఉత్తదని నేను అనను. ఇద్దరి మాటలోనూ బరువుంది.

మీ అబ్బాయి వైపు నుంచి చూడండి. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని 2016 జూన్ 23న బ్రిటన్ అంతటా ఓటింగు జరిగింది. దేశం మొత్తం మీద దాదాపు 52 శాతం బయటికే అన్నారు. స్కాట్లాండులో మాత్రం 62 శాతం ఉందామన్నారు. అయినా 2020 జనవరి 31న మిగతా దేశంతో పాటు స్కాట్లాండూ బయటికి రావాల్సి వచ్చింది. 'మేం ఇంత స్పష్టంగా చెప్పినా మా మాట చెల్లలేదు, అలాంటప్పుడు కలిసి ఉండటం ఎందుకు' అని అక్కడ చాలామంది అడుగుతున్నది అందుకే. పదిహేనేళ్లు అక్కడ పనిచేసి, పన్ను కట్టి, కూతుర్ని ఆ బడిలో చదివిస్తున్న మనిషికి ఆ ప్రశ్న సొంతం కాకుండా ఎలా ఉంటుంది?

ఇక మీ ఆయన సంగతి. ఆయన కోడలి పక్షాన ఉన్నానని అనుకుంటున్నారు. కానీ 2013 గుర్తు తెచ్చుకోండి. రాష్ట్రాన్ని విడగొట్టొద్దని ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఉద్యోగులు జీతాలు లేకుండా సమ్మెలో ఉన్నారు. కర్నూల్లో బస్సులు కదల్లేదు, బళ్లు, ఆఫీసులు మూతపడ్డాయి. మీ ఆయనా ఆ ఉద్యోగుల్లో ఒకరే అయ్యుంటారు. 2014 జనవరి 30న మన అసెంబ్లీ విభజన బిల్లును తిప్పి పంపింది. ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని పాస్ చేసేసింది. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం రాష్ట్ర అసెంబ్లీ అభిప్రాయం చెప్పగలదు గానీ ఆపలేదు. జనాన్ని ఓటు అడగాల్సిన పని అంతకన్నా లేదు. అంతకు ముందు 1953లో రాజధాని అయిన కర్నూలు మూడేళ్లకే ఆ హోదా పోగొట్టుకున్నప్పుడూ మన పెద్దవాళ్లు మింగింది ఇదే బాధ. మీ ఆయన గుండెలో ఉన్నది 'మమ్మల్ని లెక్కలోకి తీసుకోలేదు' అనే మంట. కొడుకు గుండెలో ఉన్నదీ అచ్చం అదే. తండ్రీ కొడుకులు ఒకే గాయంతో ఎదురెదురుగా నిలబడి అరుచుకుంటున్నారు. ఇది మీరు ఆయనకు చెప్పాలి. ఫోన్లో కాదు, అందరి ముందూ కాదు. పొద్దున్నే కాఫీ ఇచ్చి, పక్కన కూర్చుని చెప్పండి: 'మీరప్పుడు ఎంత కుమిలిపోయారో వాడికి చెప్పండి. తీర్పు మాత్రం చెప్పొద్దు.' తండ్రి తన బాధ చెబితే కొడుకు వింటాడు. తండ్రి తీర్పు చెబితే ఫోన్ పెట్టేస్తాడు.

కోడలిది వేరే నొప్పి. తండ్రి వారమంతా వెలగపూడిలో, తల్లి హైదరాబాదులో. అలాంటి ఇళ్లలో శుక్రవారం సాయంత్రం రైలు కోసం ఎదురుచూపు, ఆదివారం రాత్రి మళ్లీ బ్యాగు సర్దుడు. పటం మీద గీసిన గీత తన పుట్టింటి వంటగదిలోంచి పోయిందని ఆమెకు తెలుసు. ఆ అనుభవాన్ని ఎవరూ కొట్టిపారేయకూడదు.

కానీ ఒక్క తేడా ఉంది, అది ఆమెకూ మీ అబ్బాయికీ ఇద్దరికీ తెలియాలి. మనం విడిపోయింది ఒక దేశం లోపల. రూపాయి మారలేదు, పాస్‌పోర్టు మారలేదు, రైలెక్కి హైదరాబాదు పోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్కాట్లాండుది 1707 నుంచి ఉన్న కలయిక. అది విడిపోతే వేరే దేశం అవుతుంది. ఏ డబ్బు వాడాలి, పింఛన్లు ఎవరివ్వాలి, అప్పుల్లో వాటా ఎంత, ఇంగ్లండ్ సరిహద్దు ఎలా ఉండాలి, యూరోపియన్ యూనియన్‌లోకి మళ్లీ ఎలా పోవాలి, అన్నీ కూర్చుని తేల్చుకోవాల్సినవే. 2014లో పౌండునే ఉమ్మడిగా వాడుకుంటామని విడిపోదామనే పక్షం అంటే, దానికి తాము ఒప్పుకునేది లేదని లండన్‌లోని పెద్ద పార్టీలు చెప్పేశాయి. పౌండ్లలో ఇంటి లోను తీసుకునేవాళ్లకు అది చిన్న విషయం కాదు. అందుకే రాష్ట్ర విభజన మంచిదైంది కాబట్టి అదీ మంచిదే, చెడ్డదైంది కాబట్టి అదీ చెడ్డదే అనే రెండు వాదనలూ నిలబడవు. మన అనుభవం నేర్పేది ఒక్కటుంది. అన్నదమ్ములు వేరు పడదామని అనుకోవడం ఒక్క పూట పని, బావి ఎవరిది, దారి ఎవరిది అన్నది తేలడానికి ఏళ్లు పడుతుంది. హైదరాబాదు పదేళ్లు ఉమ్మడి రాజధాని అన్నారు, 2024 జూన్ 2న ఆ గడువు ముగిసేనాటికీ ఉమ్మడి సంస్థల పంపకం పూర్తి కాలేదు. బ్రిటన్‌కు కూడా ఓటు వేశాక యూరప్ నుంచి బయటపడటానికి మూడున్నరేళ్లు పైనే పట్టింది.

ఇప్పుడు ఇల్లు. ఆ సంతకానికి అడ్డం పడుతున్నది నిజంగా స్కాట్లాండేనా అని నాకు అనుమానం. ఒక్కడే కొడుకు, మీ ఇద్దరికీ వయసు మీద పడుతోంది. ఇల్లు కొంటే ఇక కర్నూలు రానట్టే అని వాడికీ తెలుసు. ఆ మాట పైకి అనలేక దేశం మాట అంటున్నాడేమో. మీ లోపలా అదే భయం ఉందని రాశారు. అంటే తల్లీ కొడుకులు ఒకే విషయం దాచుకుని కూర్చున్నారు. దాని బరువు మోస్తున్నది మీ కోడలు. ఇది కొంచెం కటువుగా ఉండొచ్చు, కానీ మీ ఒక్కరే విప్పగలిగిన ముడి ఇది.

'ఇల్లు కొంటే నువ్వు రావేమోనని నాకు బెంగగా ఉంది. కానీ ఆ బెంగ చూసి నువ్వు సంతకం ఆపితే నాకు ఇంకా బాధ. మాకు ముసలితనంలో ఎలాగన్నది వేరేగా కూర్చుని మాట్లాడుకుందాం' అని వాడితో ఒక్కసారి చెప్పండి. ఏడుపొస్తే రానివ్వండి, మాట మాత్రం పూర్తి చేయండి. చెప్పాక నిజంగానే మాట్లాడుకోండి. ఏడాదికి ఎన్నాళ్లు ఎవరు ఎక్కడ, ఆస్పత్రి అవసరమైతే కర్నూల్లో ఎవరు చూస్తారు, మీరు కొన్ని నెలలు అక్కడ ఉండే వీలుందా, ఇవన్నీ. ఆ తర్వాత భార్యాభర్తలిద్దరూ లోను సంగతి లోనుగా చూసుకోవాలి. ఒక్క జీతం ఆగినా కంతు కట్టగలరా, వడ్డీ ఎన్నేళ్లు మారకుండా ఉంటుంది, అవసరమైతే అమ్ముకోగలరా. పాప చదువు కూడా లెక్కలోకి రావాలి. అక్కడ స్థిరపడ్డ కుటుంబాల పిల్లలకు స్కాట్లాండు యూనివర్సిటీల్లో మొదటి డిగ్రీ ఫీజు సాధారణంగా అక్కడి ప్రభుత్వమే కడుతుంది. అంటే వచ్చే రెండు మూడేళ్లు వాళ్లు ఎక్కడ ఉంటారన్నది, దేశం విడిపోయినా విడిపోకపోయినా, పాపకు ముఖ్యమే.

మీ అబ్బాయి 'మధ్యలోకి రావద్ద'న్నది ఓటు విషయంలో న్యాయమే. అక్కడ మాత్రం రావద్దు. 'అత్తా, నువ్వన్నా చెప్పు' అని కోడలు అంటే, 'ఓటు గురించి నేను చెప్పనమ్మా. మీ నాన్న వెలగపూడిలో ఒంటరిగా ఉన్నప్పుడు నువ్వెంత ఏడ్చావో వాడికి ఎప్పుడైనా చెప్పావా?' అని అడగండి. చాలామంది ఆడపిల్లలు మొగుడితో వాదిస్తారు గానీ, తమకు ఏం జరిగిందో మొగుడికి చెప్పరు.

నాకు అందరికన్నా మనవరాలి మీద దిగులుగా ఉంది. అక్కడ 16 ఏళ్లకే స్కాట్లాండ్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వస్తుంది. 2014 ఓటింగులోనూ 16 ఏళ్ల వాళ్లు వేశారు. కొత్తగా ఓటు వచ్చే పిల్లకు అది సంబరం కావాలి. ఈ పాపకు మాత్రం అమ్మా నాన్నల్లో ఒకరిని ఎంచుకోమన్నట్టు తయారైంది. వచ్చే ఆదివారం దాకా ఆగొద్దు, ఈ వారమే దానికి విడిగా ఫోన్ చేయండి. 'నీ ఓటు నీదే నాన్నా. ఎవరికి వేశావో మాకు చెప్పాల్సిన పని లేదు, అడిగే హక్కు మాకు లేదు' అని చెప్పండి. అవ్వ నోటితో ఆ మాట వింటే దానికి ఊపిరి ఆడుతుంది. అమ్మా నాన్నా కూడా అదే మాట దానికి ఎదురుగా చెప్పాలని మీ కొడుక్కి గట్టిగా చెప్పండి. ఇందులో మీరు జంకాల్సిన పని లేదు. పాప సరిగా తినకపోయినా, నిద్రపోకపోయినా, బడికి పోనని మొండికేసినా, ఆలస్యం చేయకుండా బడిలో టీచర్లతో, అక్కడి ఫ్యామిలీ డాక్టరుతో మాట్లాడమనండి.

వాళ్లిద్దరి అభిప్రాయాలు కలవకపోవచ్చు. ఎప్పుడైనా మళ్లీ ఓటింగు వస్తే ఒకరి ఓటు ఇంకొకరి ఓటును కొట్టేస్తుంది, అంతే. ముందు మీ ఆయనతో మాట్లాడండి, తర్వాత కొడుకుతో. నెల రోజుల తర్వాత ఇల్లు సంగతి ఎంతవరకు వచ్చిందో, పాప ఎలా ఉందో నాకు రాయండి.