కొత్త బ్యాటరీ కూడా దిగిపోతోందా?

ప్రశ్న: నా పాత బైక్‌కు కొత్త 12 వోల్టుల బ్యాటరీ వేయించాను. అయినా నాలుగు రోజులకే దిగిపోతోంది, హారన్ కీచుమంటోంది. స్టేటర్ (ఇంజిన్‌లో కరెంటు పుట్టించే కాయిల్) మార్చమంటున్నారు. మార్చాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు మల్టీమీటర్‌తో చూడండి. ఫుల్ ఛార్జ్ అయిన బ్యాటరీ, ఇంజిన్ ఆపి కొన్ని గంటలు గడిచాక, 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్యకు రావాలి. 15 దాటితే రెగ్యులేటర్ (బ్యాటరీకి వెళ్లే వోల్టేజీని అదుపు చేసే పెట్టె) పాడైనట్టే. వెంటనే మార్చండి, లేకపోతే బ్యాటరీ ఉడికిపోతుంది.

13 కూడా దాటకపోతే మొదట అనుమానించాల్సింది ఎర్త్‌ను, అంటే బ్యాటరీ నెగెటివ్‌ను ఫ్రేమ్‌కు కలిపే కనెక్షన్‌ను. పాత బళ్లలో సగం తిప్పలు అక్కడే. హారన్ కొడుతూ బ్యాటరీ నెగెటివ్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య కొలవండి. 0.2 వోల్టులు మించితే ఎర్త్ బోల్టు విప్పి, తుప్పూ పెయింటూ గీకి, బిగించండి. రెగ్యులేటర్ కప్లర్ (వైర్లు కలిపే ప్లాస్టిక్ ప్లగ్) కూడా ఊడదీసి చూడండి. ప్లాస్టిక్ కరిగినా, పిన్ నల్లబడినా దాన్ని మార్చాల్సిందే.

ఆ తర్వాతే స్టేటర్. మూడు ఫేజులదైతే, అంటే మూడు వైర్లు వచ్చేదైతే, దాని కప్లర్ విప్పి, ఇంజిన్ నడుస్తుండగా స్టేటర్ వైపు మూడు వైర్లనూ రెండేసి చొప్పున మీటర్ ఏసీ వోల్టుల రేంజ్‌లో కొలవండి. మూడు రీడింగులూ దాదాపు సమానంగా ఉండాలి. ఇంజిన్ ఆపి చూస్తే ఏ వైరూ బాడీకి కంటిన్యుటీ (కరెంటు పారే దారి) చూపకూడదు.

ఛార్జింగ్ బాగానే ఉన్నా బ్యాటరీ దిగుతుంటే, తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ టెర్మినల్‌కూ మధ్య మీటర్‌ను 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టండి. రీడింగ్ కొద్ది మిల్లీఆంపియర్లు మించితే, తర్వాత బిగించిన అలారం, యూఎస్‌బీ ఛార్జర్‌లను ఒక్కొక్కటే విప్పుతూ పోండి. మీటర్ అలా ఉండగా స్టార్టర్ నొక్కకండి, మీటర్ ఫ్యూజ్ పోతుంది.