పాఠకుల ప్రశ్నలు: ఫ్రాన్సులో ఒక చిన్న ఊరు, ఒక తీరిక రోజు

ప్రశ్న: మే నెలలో టులూజ్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళుతున్నాం. చూడవలసిన పెద్ద పెద్ద ప్రదేశాల జాబితాను వాడు ఇప్పటికే తయారు చేసి పెట్టాడు. ఆ హడావిడి మధ్య ఒక్క రోజైనా మేమిద్దరమే ఏదైనా చిన్న ఊరికి వెళ్ళి, అలసట తీర్చుకుంటూ నిదానంగా తిరిగి రావాలని ఉంది. నా భార్యకు మోకాళ్ళ నొప్పి. ఏ ఊరు మంచిది? పెద్దగా చూసేదేమీ లేని చోట రోజంతా పొద్దుపోతుందా?

జవాబు: మీకు ఫిజాక్ సరిపోతుందని నా అభిప్రాయం. లోట్ జిల్లాలో సేలే నది ఒడ్డున ఉన్న ఈ ఊరి జనాభా సుమారు 10,000. టులూజ్ నుంచి ప్రాంతీయ రైలులో రెండు గంటలకు పైగా పడుతుంది. రోజుకు నడిచే రైళ్ళు కొన్నే కనుక తిరుగు ప్రయాణం వేళ ముందే చూసుకొని బయలుదేరండి. అయితే ఏ ఊరు అన్నదానికంటే ఏ రోజు అన్నది ముఖ్యం. శనివారం వెళితే సంత ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పూర్తయ్యే దాకా చాలా దుకాణాలు మూసి ఉంటాయి. పైగా ఫ్రాన్సులో మే నెల నిండా సెలవులే. మే 1న దాదాపు అన్నీ మూతపడతాయి, మే 8 కూడా సెలవు దినమే.

శనివారం ఉదయం నేరుగా కార్నో చౌరస్తాకు వెళ్ళండి. పందొమ్మిదో శతాబ్దపు ఇనుప కప్పు కింద, ఆ చుట్టుపక్కల సందుల్లో సంత నడుస్తుంది. కొన్నా కొనకపోయినా, అమ్మేవారిని ముందుగా ‘బోంజూర్’ అని పలకరించాలి. పలకరింపు లేకుండా ధర అడిగేవాళ్ళను అక్కడ మర్యాద తెలియనివారిగానే చూస్తారు. రొకమదూర్ అనే మేకపాల జున్ను అక్కడ తప్పక రుచి చూడవలసినది. అరచేతిలో ఇమిడిపోయే చిన్న బిళ్ళ, దానిపై మెత్తటి పలుచని పొర; 1996 నుంచి ఆ పేరుకు ప్రభుత్వ రక్షణ ఉంది. ఈ రోజే తింటారా, నాలుగు రోజులు ఆగి తింటారా అని అమ్మే ఆవిడ అడిగితే ఆశ్చర్యపోకండి. లేత బిళ్ళ మీగడలా కరుగుతుంది, ముదిరినది నాలుకను కొరుకుతుంది, అందుకే ఆ ప్రశ్న.

పన్నెండు కొట్టేసరికి ఒక్కొక్క దుకాణమే తలుపులు దించడం మొదలవుతుంది, రొట్టెల అంగడితో సహా. రెండింటి దాకా ఊరంతా భోజనంలోనే ఉంటుంది. సరిగ్గా ఆ వేళకే మనవాళ్ళు ఊరు చూడడానికి బయలుదేరి, ఇక్కడ ఏమీ లేదని విసుక్కుంటారు. మీరు వెళ్ళేదే విశ్రాంతి కోసం గనుక ఊరి వేళలనే మీ వేళలుగా చేసుకోండి: పన్నెండున్నరకల్లా భోజనానికి కూర్చోండి, ఎందుకంటే రెండు దాటితే చాలా వంటశాలల్లో పొయ్యి ఆరిపోతుంది, మళ్ళీ సాయంత్రం ఏడు దాకా వెలగదు. భోజనమయ్యాక సేలే ఒడ్డుకు నడిస్తే అక్కడ దారి చదునుగానే ఉంటుంది.

మధ్యాహ్నం చూడవలసినది ఒక్కటే పెట్టుకోండి. ఈజిప్టు చిత్రలిపి రహస్యాన్ని 1822లో ఛేదించిన షాంపోలియన్ 1790లో పుట్టింది ఈ ఊళ్ళోనే. తండ్రి పుస్తకాల వ్యాపారి. ఆయన పుట్టిన ఇంట్లోనే ఇప్పుడు ప్రపంచ లిపుల మ్యూజియం ఉంది. ముఖభాగంలో పాత రాతి గోడ వెనుక రాగి రేకుల్లో వేర్వేరు లిపుల అక్షరాలను కత్తిరించి అమర్చారు. లోపలికి వెళ్ళే ఓపిక లేకపోయినా వాటిని బయట నిలబడి చూడవచ్చు. వేసవి రద్దీ నెలల్లో తప్ప సోమవారం దానికి సెలవు. పక్క సందులోంచి వెళితే నాలుగు వైపులా పాత ఇళ్ళున్న ఒక ముంగిలి వస్తుంది. అక్కడ నేలంతా రోసెట్టా శిలకు, అంటే ఒకే శాసనాన్ని మూడు లిపుల్లో చెక్కి ఉండి చిత్రలిపిని చదవడానికి ఆధారమైన రాతికి, ఎన్నో రెట్లు పెంచిన నల్లరాతి ప్రతిరూపం పరిచి ఉంటుంది. అమెరికన్ కళాకారుడు జోసెఫ్ కోసుత్ రూపొందించిన ఈ రచనను 1991లో నెలకొల్పారు. అసలు శిల లండన్‌లో అద్దం వెనుక ఉంటుంది, ఇక్కడ మాత్రం చిత్రలిపి, డెమోటిక్ (ఈజిప్టువారి వాడుక లిపి), గ్రీకు అక్షరాల మీదుగా నడిచిపోవచ్చు. నాకు మ్యూజియం కంటే ఈ ముంగిలే ఎక్కువ ఇష్టం.

గుట్ట మీదున్న నోత్ర్ దామ్ చర్చికి ఎక్కుదల ఉంది. పైనుంచి కనిపించే పెంకుటి కప్పులు అందంగానే ఉంటాయి గాని మీ శ్రీమతి మోకాళ్ళను అంత కష్టపెట్టనక్కర లేదు. కింద నుంచే తల ఎత్తి చూస్తే చాలా ఇళ్ళ పైఅంతస్తులో, కప్పు కింద, గోడ లేకుండా తెరిచి ఉంచిన వసారాలు కనిపిస్తాయి. వాటిని ‘సొలేయో’లంటారు, బట్టలు, పళ్ళు, తోళ్ళు వంటివి ఎండబెట్టుకోవడానికి కట్టినవి. ఆ తరువాత చౌరస్తాలో ఒక కాఫీ చెప్పి కూర్చోండి. కప్పు ఖాళీ అయినా ఎవరూ లేవమనరు, మీరు అడిగే దాకా బిల్లు తీసుకురారు. వీపున సంచులతో నడిచిపోయేవారు కనిపిస్తే వారు ఫ్రాన్సులోని ల పుయి నుంచి స్పెయిన్‌లోని సాంతియాగో దాకా సాగే క్రైస్తవ యాత్రామార్గంలో ఉన్నవారు కావచ్చు. గోడల మీది తెలుపు, ఎరుపు గీతలు వారి దారి గుర్తులే.

ప్రశ్న: ఆ ఊళ్ళో పూర్తి శాకాహారులకు తిండి దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుంది, కాని అడిగి తినాలి. అది బాతు మాంసానికి పేరుపడ్డ ప్రాంతం. సలాడ్ అని తెప్పించుకుంటే అందులో బాతు కందనకాయ ముక్కలు ఉండవచ్చు, బంగాళాదుంపలను బాతు కొవ్వులో వేయించి ఉండవచ్చు. కనుక మాంసం వద్దని చెప్పడంతో సరిపెట్టక, దేనిలో వేయించారని కూడా అడగండి. వేడి మేకజున్ను పెట్టిన ఆకుకూరల సలాడ్, ఆమ్లెట్, అక్రోటు గింజల టార్టు చాలా చోట్ల ఉంటాయి. గుడ్డు తినకపోతే ఆమ్లెట్‌తో పాటు టార్టునూ వదిలేయాలి. జున్నును విరగగొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడుతుంటారు, అది కూడా పనికిరాదనుకునేవారు సంతలోనే రొట్టె, అక్రోట్లు, తేనె, పళ్ళు కొనుక్కోవడం మేలు. మామూలు మంచినీటి కూజా ఏ రెస్టారెంటులోనైనా ఉచితం. అడగకపోతే డబ్బిచ్చి కొనే సీసా తెచ్చిపెట్టవచ్చు.