నక్షత్రాల పాఠం మొదలుపెట్టబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కాలేజీలో నక్షత్రాల పుట్టుక, జీవితం, మరణం గురించిన కోర్సు తీసుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. జీవితమంతా భౌతికశాస్త్రం బోధించినవాణ్ణి, మన ఇంట్లో ఇంకొకరు ఆకాశం వైపు చూస్తున్నారంటే నాకు ఎంత గర్వమో వేరే చెప్పాలా? కానీ, "అందులో లెక్కలు ఉండవు, నాలుగు బొమ్మలు గుర్తుపెట్టుకుంటే చాలు" అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచీ మనసు కుదురుగా లేదు.

క్లాసులు మానకు. పాఠం వినేముందు ఒకసారి చదువుకుని వెళ్లు. లాగరిథమ్‌లు మరిచిపోయి ఉంటే మొదటి వారంలోనే తిరగేసుకో.

అన్నిటికంటే ముందు కళ్ల సంగతి. ల్యాబులో ఎప్పుడో ఒక పగటిపూట టెలిస్కోపుతో సూర్యుణ్ణి చూపిస్తారు. వెలుగు లోపలికి వెళ్లే ముందు భాగానికే సోలార్ ఫిల్టరు గట్టిగా బిగించి ఉందో లేదో నువ్వే స్వయంగా చూసుకో. కన్ను పెట్టే చోట తగిలించే చిన్న ఫిల్టర్లను నమ్మవద్దు, అవి వేడికి పగులుతాయి. రెటీనాకు నొప్పి తెలియదు, కాలిపోతున్నా కాలుతోందని చెప్పదు. "మేడమ్ చూసే ఉంటారులే" అనుకోవద్దు. అనుమానం ఉంటే చూడకు, మార్కులు పోతే పోనీ.

ఇక ఆ బొమ్మల సంగతి. మేఘం, నక్షత్రం, రెడ్ జెయింట్ (ఉబ్బిపోయిన ఎర్రటి ముసలి నక్షత్రం), వైట్ డ్వార్ఫ్ (ఇంధనం అయిపోయాక మిగిలే చిన్న, దట్టమైన గర్భం) అని వరుసగా బాణాలు గీసిన పటం ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. దాన్ని కంఠస్థం చేస్తే పరీక్ష గట్టెక్కవచ్చు, నక్షత్రం మాత్రం అర్థం కాదు. ప్రతి దశలోనూ ఒకటే ప్రశ్న వేసుకో: ఇంత బరువు లోపలికి కూలిపోకుండా ఇప్పుడు ఏది ఆపుతోంది? సూర్యుడి గర్భంలో సుమారు 1.5 కోట్ల డిగ్రీల వేడి ఉంది. ఆ వేడి వాయువు పీడనమే పై బరువును మోస్తోంది. వైట్ డ్వార్ఫ్‌లో ఆ పని ఎలక్ట్రాన్లది, వాటికి వేడితో అవసరం లేదు. అందుకే అది చల్లారుతున్నా కూలదు. అయితే ఆ ఎలక్ట్రాన్ల ఓపికకూ హద్దు ఉంది, సూర్యుడికి దాదాపు 1.4 రెట్ల ద్రవ్యరాశి. 1930లో ఇంగ్లండుకు ఓడలో వెళుతూ మన భౌతికశాస్త్రవేత్త, అప్పటికి పంతొమ్మిదేళ్ల చంద్రశేఖర్ వేసిన లెక్కలు ఆ హద్దుకు దారి తీశాయి. లెక్కలు ఉండవన్న మాట ఇంకెప్పుడూ అనకు, తల్లీ.

ఇప్పుడు నేను అసలు భయపడే చోటికి వస్తాను. రెండో వారంలోనో మూడో వారంలోనో హెర్ట్‌స్‌ప్రుంగ్-రస్సెల్ చిత్రం నీ ముందుకు వస్తుంది. అందులో ఒక్కో నక్షత్రం ఒక్కో చుక్క. నిలువుగా ప్రకాశం, అడ్డంగా ఉష్ణోగ్రత, అదీ ఎడమవైపుకు పెరుగుతూ. పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు ఏటవాలుగా ఒక పట్టీ కనిపిస్తుంది. అదే మెయిన్ సీక్వెన్స్. చూడగానే ఎవరికైనా అది జారుడు దారిలా తోస్తుంది. నక్షత్రం పైన నీలంగా పుట్టి, చల్లారుతూ కిందికి దిగి, ఎర్రగా ముగుస్తుందనిపిస్తుంది. నా దగ్గరకు వచ్చిన జవాబు పత్రాల్లో ఏటా ఆ పట్టీ వెంబడి బాణాలు ఉండేవి, అదీ తెలివైన పిల్లల పత్రాల్లో. వాళ్లను తప్పు పట్టలేను. ఆ చిత్రాన్ని 1913లో లోకానికి చూపిన ఖగోళ శాస్త్రవేత్త రస్సెల్ కూడా దాన్ని అలాగే చదివాడు. నక్షత్రం పెద్ద ఎర్రటి గోళంగా మొదలై, కుంచించుకుంటూ వేడెక్కి, నీలం దాకా వెళ్లి, అక్కడి నుంచి పట్టీ వెంబడి చల్లారుతూ దిగుతుందని ఆయన అనుకున్నాడు. అప్పటికి నక్షత్రం లోపలి ఇంధనం ఏమిటో ఎవరికీ తెలియదు. కుంచించుకోవడం వల్లనే వెలుగు వస్తే సూర్యుడికి రెండు మూడు కోట్ల ఏళ్లకు మించి ఆయుష్షు ఉండదు. భూమి మీది రాళ్ల వయసే అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. హైడ్రోజన్ హీలియంగా మారే మార్గాన్ని ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ 1920లో సూచించాడు, 1939లో భౌతికశాస్త్రవేత్త బేథె దాన్ని వివరంగా లెక్కకట్టాడు. ఆ తరువాత గానీ పట్టీకి సరైన అర్థం కుదరలేదు.

ఆ పట్టీ దారి కాదమ్మా. ఊరి జనమంతా కలిసి దిగిన ఫోటో లాంటిది. అందులో పొడుగువాళ్లు ఒకవైపు, పొట్టివాళ్లు ఒకవైపు ఉన్నారంటే, పొడుగువాళ్లే రేపు పొట్టివాళ్లవుతారని కాదు కదా! పుట్టినప్పటి ద్రవ్యరాశే నక్షత్రానికి చోటు కేటాయిస్తుంది. ఆయుష్షులో ఎక్కువ భాగం అది ఆ చోటు దగ్గరే గడుపుతుంది. ఒక లెక్క చేసి చూడు. సూర్యుడికి పది రెట్ల ద్రవ్యరాశి ఉన్న నక్షత్రానికి ఇంధనం పది రెట్లు, ఖర్చు మాత్రం సుమారు మూడు వేల రెట్లు. సూర్యుడి ఆయుష్షు 1000 కోట్ల ఏళ్లయితే దానిది దాదాపు మూడు కోట్లే. చిన్న ఎర్ర నక్షత్రాల సంగతి ఇంకా విచిత్రం: విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు, వాటి ఇంధనం తరగడానికి ఆ కాలం చాలదు.

1987 ఫిబ్రవరిలో పెద్ద మాజెలానిక్ మేఘం అనే పొరుగు గెలాక్సీలో ఒక సూపర్‌నోవా, అంటే ఒక పెద్ద నక్షత్రం పేలుడు, కనిపించింది. నేను అప్పుడు కొత్త లెక్చరర్‌ను. ఆ వార్త చదివి, పాఠం పక్కన పెట్టి క్లాసంతా దాని గురించే మాట్లాడాను. వెలుగు కంటే కొన్ని గంటల ముందే న్యూట్రినోలు అనే, దేన్నైనా దాటిపోయే సూక్ష్మ కణాలు భూమిని చేరాయని తరువాత తెలిసింది. గర్భం కూలిన క్షణంలోనే అవి బయటపడ్డాయి. విస్ఫోటన తరంగం పైపొరను చేరాకే వెలుగు బయలుదేరింది. కూలిపోకుండా ఏది ఆపుతోంది అన్న నా ప్రశ్నకు "ఇప్పుడు ఏదీ ఆపడం లేదు" అన్నది జవాబయ్యే చోటు అది. ఆ అధ్యాయాన్ని పరీక్ష ముందు రాత్రి హడావిడిగా చదవకు. తీరిగ్గా చదువుకో, నిద్ర చెడగొట్టుకోకు, వేళకు తిను.

గుచ్ఛం అంటే దాదాపు ఒకేసారి పుట్టిన నక్షత్రాల గుంపు. కృత్తికల గుచ్ఛానికీ, ఎం67 అనే గుచ్ఛానికీ హెర్ట్‌స్‌ప్రుంగ్-రస్సెల్ చిత్రాలు పక్కపక్కన గీసి చూడు. మొదటిది సుమారు పది కోట్ల ఏళ్లది, రెండోది దాదాపు నాలుగు వందల కోట్లది. పట్టీ పైభాగం ఎక్కడ తెగిపోయిందో గుర్తించి, ఎందుకు తెగిందో రెండు వాక్యాల్లో రాయి. ఫోటో తీసి నాకు పంపు. నీ మాటల్లోనే రాయాలి, పుస్తకం మాటలు వద్దు. తప్పులుంటే ఫోను చేసి చెబుతాను, కోప్పడను.

ఆశీస్సులతో,
పెదనాన్న