అత్తగారి ల్యాబ్ నోట్‌బుక్

ప్రశ్న: మా అత్తగారు 1970లో ఫిలిప్పీన్స్‌లోని మనీలా నుంచి అమెరికా వచ్చిన కెమిస్ట్. ముప్ఫై ఏళ్లు న్యూజెర్సీలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేశారు. ఆవిడ పోయి మూడు వారాలైంది. తొమ్మిది రోజుల ప్రార్థనలు, వాళ్లు పసియాం అంటారు, అవి అయ్యాయి. నలభయ్యో రోజున తెలుగు కోడలినైన నన్నే మాట్లాడమన్నారు. ఎవరిని అడిగినా ఆవిడ వంట గురించి, ఎంతమందిని అమెరికా రప్పించారో దాని గురించి చెబుతున్నారు. ల్యాబ్‌లో ఏం చేసేవారో మా ఆయనకే సరిగ్గా తెలీదు. అది లేకుండా మాట్లాడటం నాకిష్టం లేదు. ఏం చేయమంటారు?
— ఒక కోడలు

జవాబు: మీ పట్టుదల వదలకండి. అలాగని వాళ్లు చెబుతున్నదాన్ని పక్కన పెట్టకండి, ఎందుకంటే ఆవిడ పెద్దరికం నిలబడింది ఆ ఉద్యోగం మీదే.

అమెరికాలో 1946 చట్టం ప్రకారం ఫిలిప్పీన్స్ నుంచి ఏడాదికి 100 మందికే కోటా ఉండేది. 1965 చట్టం వచ్చాకే డాక్టర్లు, నర్సులు, ఇంజినీర్లు, కెమిస్టులు అంత పెద్ద సంఖ్యలో రాగలిగారు. అంటే మీ అత్తగారు కెమిస్ట్రీ చదివారు కాబట్టే ఆ కుటుంబానికి అమెరికా తలుపు తెరుచుకుని ఉండొచ్చు. ఆ తర్వాత పౌరసత్వం తీసుకుని, అమ్మానాన్నల్నీ తోబుట్టువుల్నీ రప్పించడానికి పెటిషన్ పెట్టడం (ఆ ఇళ్లలో ఈ మాట అందరి నోటా ఉంటుంది, మీరూ వినే ఉంటారు), అదేమీ ఒక్క రోజు పని కాదు. ఫిలిప్పీన్స్ నుంచి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల వంతు రావడానికి ఇరవై ఏళ్లు పైనే పట్టేది. ఫీజులు, స్పాన్సర్ కాగితాలు, ఇంటికి సామాన్లు నింపి పంపిన పెట్టెలు (బాలిక్‌బాయన్ అంటారు), వీటన్నిటి వెనకా ఆవిడ జీతం ఉంది కదా. ఏ పెటిషన్ ఏ ఏడాది పెట్టారో, ఎవరు ఎప్పుడు దిగారో ఆవిడ ఫైళ్లలో చూసి రాసుకోండి.

ఇక పని సంగతి. ఆవిడ పేరుతో పేపర్లు, పేటెంట్లు ఉన్నాయేమో వెతకండి, కానీ రెండు ఇంటిపేర్లతోనూ వెతకాలి. పెళ్లయ్యాక ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు పుట్టింటి ఇంటిపేరును మధ్య పేరుగా ఉంచుకుని భర్త ఇంటిపేరు చివర పెట్టుకోవడం మామూలు, అమెరికా కాగితాలకొచ్చేసరికి ఆ మధ్య పేరు ఒక్క అక్షరమైపోతుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. పెళ్లికి ముందు చేసిన పని అలాగే దొరక్కుండా పోతుంది. పేపర్ల చివర కృతజ్ఞతలు చెప్పే పేరా కూడా చదవండి, ల్యాబ్‌లో చాలామంది ఆడవాళ్ల పేరు కనిపించేది అక్కడే. ప్రయోగాలు రాసుకునే ల్యాబ్ నోట్‌బుక్ ఇంట్లో ఉండదు, అది కంపెనీ ఆస్తి. కలిసి పనిచేసినవాళ్లు ఒక్కరు దొరికినా ఫోన్ చేసి, "ఆవిడ బెంచి మీద ఏముండేది, ఏ పరీక్ష ఆవిడకే అప్పగించేవారు" అని అడగండి. "మంచి మనిషి" అన్న దగ్గర ఆగనివ్వకండి.

ఏంజెలిటా కాస్ట్రో కెల్లీ అని ఫిలిప్పీన్స్‌లో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త ఉండేవారు. నాసాలో మిషన్ ఆపరేషన్స్ మేనేజర్ అయిన మొదటి మహిళ ఆవిడే. ఇంగ్లీషులో ఆ హోదాని పొట్టిగా రాస్తే మామ్ అవుతుంది, అంటే అమ్మ! భూమిని గమనించే ఉపగ్రహాల పని చూసి, 2015లో కన్నుమూశారు. ఆవిడ గురించి రాసి పెట్టినవాళ్లున్నారు కాబట్టే ఇవాళ నేను మీకు చెప్పగలుగుతున్నాను. మీ అత్తగారికి ఆ పని చేసేది మీరే.

ల్యాబ్ నోట్‌బుక్‌కి ఒక పద్ధతి ఉంది, ఆవిడకి అలవాటైనదే. పెన్నుతోనే రాయాలి, తప్పు రాస్తే చెరిపేయకూడదు, ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తేదీ వేయాలి. మీరూ అలాగే రాయండి. ఇద్దరు బంధువులు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచండి. కోపం వచ్చిన రోజులు, ఓవర్‌టైమ్ వల్ల పిల్లల స్కూల్ ఫంక్షన్‌కి రాలేకపోయిన రోజులు కూడా ఉండనివ్వండి.

నలభయ్యో రోజుకి అన్నీ దొరక్కపోవచ్చు, టెన్షన్ పడకండి. ఏడాది తిరిగాక బాబాంగ్ లుక్సా ఉంది, నల్ల బట్టలు వదిలే రోజు, మిగతాది అప్పుడు చెప్పొచ్చు. ఈసారికి ఆవిడ చేతిరాత ఉన్న కాగితం, వంట చీటీ అయినా సరే, పట్టుకెళ్లండి. గ్రాముల్లో కొలతలు రాసి ఉంటే లోలా (వాళ్ల భాషలో అమ్మమ్మ, నాన్నమ్మ) ఇలా ఎందుకు రాసేదో మనవల్ని అడగండి.