ముందే దత్తత పత్రం రాయించుకోకండి

ప్రశ్న: మాది కాజీపేట. డల్లాస్‌లో ఉండే మా అన్నావదినలకు పిల్లల్లేరు. ఇద్దరూ అమెరికా పౌరులే. ఆరేళ్ల మా రెండో పాపను పెంచుకుంటామని అడిగితే మేం ఒప్పుకున్నాం. వచ్చే నెల వాళ్లు వచ్చినప్పుడు అయ్యగారిని పిలిచి దత్తత జరిపించి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పత్రం రాయిస్తే పాపను వెంట తీసుకుపోవచ్చా? అన్నకు 49, వదినకు 45 ఏళ్లు. వయసు అడ్డమవుతుందా? మా ఇంటి లోన్ కూడా తనే కడతానంటున్నాడు అన్న.

జవాబు: సంతకాలు కాకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. నా దగ్గరికి చాలామంది పత్రం చేతిలో పట్టుకుని, వీసా రాలేదని ఏడుస్తూ వస్తారు.

మీరు చెప్పిన పద్ధతి 1956 హిందూ దత్తత చట్టంలో ఉన్నదే. అన్నావదినలు హనుమకొండలోనే ఉండి ఉంటే దాదాపు దానితోనే సరిపోయేది. కానీ పాప దేశం దాటాలి. ఒక దేశం పిల్లలను మరో దేశం వాళ్లు దత్తత తీసుకోవడం మీద 1993లో హేగ్‌లో ఒక ఒప్పందం కుదిరింది. మన దేశం 2003లో అందులో చేరింది, అమెరికాలో అది 2008 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం దత్తత పూర్తి కాకముందే రెండు దేశాలూ ఒప్పుకోవాలి. సొంత తమ్ముడి బిడ్డయినా మినహాయింపు లేదు. ముందే దత్తత చేసేసుకుంటే పాపకు అమెరికా వీసా వచ్చే దారి దాదాపు మూసుకుపోతుంది.

కాబట్టి పని అక్కడ మొదలవ్వాలి. వేరే దేశం బిడ్డను దత్తత తీసుకునే అర్హత తమకుందని తేల్చమంటూ మీ అన్న అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖకు ఐ-800ఏ అనే దరఖాస్తు పెట్టాలి. దానికి దంపతుల్లో ఒకరికైనా పౌరసత్వం ఉండాలి, గ్రీన్ కార్డు చాలదు. మన ప్రభుత్వ గుర్తింపు ఉన్న అక్కడి దత్తత ఏజెన్సీ వాళ్ల ఇల్లు, ఆదాయం, ఆరోగ్యం చూసి హోమ్ స్టడీ రిపోర్టు రాసి, ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ ‘కారా’కు ఆన్‌లైన్‌లో పంపుతుంది. ఇక్కడ జిల్లా బాలల పరిరక్షణ విభాగం మీ ఇంటికొచ్చి మీ కుటుంబం గురించి నివేదిక రాస్తుంది. అమెరికా అంగీకారం, కారా ముందస్తు ఆమోదం వచ్చాకే కలెక్టర్ దగ్గర దరఖాస్తు పెట్టాలి. ఇదివరకు కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. 2022 సెప్టెంబరు నుంచి ఉత్తర్వు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్‌గా కలెక్టరే. రెండు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆ తర్వాతే కారా నిరభ్యంతర పత్రం, పాస్‌పోర్టు, వీసా. వచ్చే నెలలో అయ్యే పని కాదు, అన్నను టికెట్లు కొనవద్దనండి.

వయసు గురించి టెన్షన్ వద్దు. బయటి పిల్లలను దత్తత తీసుకునేవాళ్లకు వయోపరిమితి ఉంది కానీ బంధువుల దత్తతకు లేదు. పెదనాన్న చట్టం చెప్పే ‘బంధువు’ కిందికే వస్తాడు.

లోన్ మాట మాత్రం ఇంతటితో ఆపేయండి. మీ అన్న ప్రేమతోనే అని ఉండవచ్చు. కానీ దత్తతకు ప్రతిఫలంగా డబ్బు ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే. బిడ్డను అమ్మారని తేలితే ఐదేళ్ల వరకు జైలు. తండాల్లో పసిపిల్లలను కొని విదేశాలకు పంపారన్న ఆరోపణలు 1999లో, మళ్లీ 2001లో మన ఉమ్మడి రాష్ట్రాన్ని ఎంత కుదిపేశాయో మన పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఈ కట్టుదిట్టమంతా పేద తల్లుల కడుపుకోత చూసి వచ్చిందే, దాన్ని అడ్డంకి అనుకోకండి.

మీ ఉత్తరంలో అందరి ఇష్టమూ ఉంది, పాప ఇష్టం ఒక్కటే లేదు. ఐదేళ్లు నిండిన బిడ్డ సమ్మతి తప్పనిసరి. దాన్ని కాగితం మీద సంతకంగా చూడకండి. అక్కను, అమ్మను వదిలి అంత దూరం వెళ్తున్నానని తనకు తెలియాలి. ముందు కొన్నాళ్లు వీడియో కాల్‌లో పెద్దమ్మతో మాట్లాడనివ్వండి. ‘అమెరికా పోతావా’ అంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు, ‘అక్కడే ఉంటావా’ అని అడగండి. వద్దంటే అక్కడితో ఆగండి. వెళ్లాక కూడా రెండేళ్లపాటు పాప ఎలా ఉందో ఏజెన్సీ నివేదికలు పంపుతుంది.

పాప ఏ జిల్లాలో ఉంటే అక్కడి కలెక్టరేటే వర్తిస్తుంది. మీది కాజీపేట కాబట్టి హనుమకొండకు వెళ్లాలి, వరంగల్ కాదు. పాప జనన ధ్రువపత్రం, మీ ఆధార్ కార్డులు, మీరూ అన్నా తోబుట్టువులని చూపే కాగితాలు పట్టుకెళ్లండి. ఈ మూడింటిలో పేర్ల అక్షరాలు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి, తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి.